బాక్సులు బద్దలైతే బీజీఎం గొప్పదైపోదు

పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు, మొదటి షో ఇంటర్వెల్‌కు రాకముందే తీర్పు వచ్చేస్తుంది: ‘బీజీఎం బాక్సులు బద్దలు’. కథ ఎలా ఉంది, ఎవరెలా చేశారు అన్నవి తర్వాతి సంగతులు. ముందు స్పీకర్ల క్షేమ సమాచారం. సంగీతం తమన్‌దైనా, అనిరుధ్‌దైనా, దేవిశ్రీ ప్రసాద్‌దైనా అభిమాని అడిగేది ఒకటే, ఎంత మోగింది? మన బీజీఎంను, అంటే నేపథ్య సంగీతాన్ని, పాడుచేస్తున్నది ఈ ప్రశ్నే. సంగీత దర్శకుల్లో సత్తా తగ్గిందని అనేవాళ్లతో నేను ఏకీభవించను. సత్తా ఉంది. దాన్ని చూపించే చోటు లేకుండా పోయింది, అదీ అక్షరాలా.

థియేటర్ శబ్దానికి ఒక లెక్క ఉంది. ప్రాసెసర్ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) 7 మీద ఉన్నప్పుడు, మైనస్ 20 డెసిబెల్స్ స్థాయిలో పింక్ నాయిస్ అనే పరీక్ష శబ్దం వేస్తే తెర వెనక ఉన్న ఒక్కో స్పీకర్ నుంచి సీట్ల దగ్గరికి 85 డెసిబెల్స్ చేరేలా సరిచేస్తారు. డిజిటల్‌లో సున్నాను దాటి వెళ్లలేం. కాబట్టి పైన మిగిలిన జాగా 20 డెసిబెల్స్, ఒక్కో స్పీకర్ గరిష్ఠ స్థాయి 105. మాటలు, కత్తుల చప్పుడు, డప్పులు, వయొలిన్లు, కోరస్ అన్నీ ఆ జాగాలోనే సర్దుకోవాలి. హీరో చెప్పు నేలమీద ఆనే షాట్‌కే అందులో పదిహేను ఖర్చుపెట్టేస్తే, ఇంటర్వెల్ ముందు అతను తిరగబడే సమయానికి చేతిలో మిగిలేది అయిదు. చెవికి మోత రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు పది పెరగాలి. రెండో సగంలో ఫైట్లు నీరసంగా అనిపించడానికి కారణం చాలాసార్లు ఫైట్ మాస్టర్ కాదు. శబ్దం తగ్గలేదు, ఎక్కడానికి పైన మెట్టు లేదు.

ఆ తర్వాత థియేటర్‌లో జరిగేది ఇంకా ఘోరం. మోత భరించలేక పిల్లలతో వచ్చినవాళ్లు గొడవ చేస్తారు. ఆపరేటర్ ఫేడర్‌ను 7 నుంచి 5కు దించుతాడు. దానిమీద ఒక్కో అంకె విలువ సుమారు 3.3 డెసిబెల్స్, రెండంకెలు దించితే ఆరున్నర పైనే పోతుంది. పోయేది బీజీఎం ఒక్కటే అయితే బాధ లేదు. ఫేడర్‌కు డప్పుకూ మాటకూ తేడా తెలియదు కనుక తల్లి గొంతు తగ్గించి చెప్పిన మాట కూడా దాంతోపాటే మునిగిపోతుంది. అటు దర్శకుడికేమో ‘సౌండ్ తక్కువగా ఉంది’ అని కబురు అందుతుంది. తర్వాతి సినిమాకు మిక్సింగ్‌లో ఇంకాస్త పెంచమంటాడు. వాళ్లు పెంచుతారు, ఆపరేటర్ నాలుగున్నరకు దించుతాడు. ఈ తగువులో ఇప్పటిదాకా ఎవరూ గెలవలేదు, ఓడింది మాత్రం డైలాగ్ రైటర్. హాలీవుడ్‌లో ట్రైలర్ల సగటు మోతకు ఒక పరిమితి పెట్టుకున్నారు. సినిమాకు అలాంటిది అక్కడా లేదు, ఇక్కడా లేదు.

మాట వినపడకపోతే అందరూ డప్పుల్ని తిడతారు. డప్పుల తప్పు చాలా తక్కువ. పెద్ద డ్రమ్ము బలమంతా వంద హెర్ట్జ్ లోపే ఉంటుంది, పైగా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉంటుంది. మనకు మాట తెలిసేది ఎక్కువగా హల్లుల వల్ల. ఆ హల్లుల స్పష్టత వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సరిగ్గా అక్కడ వచ్చి కూర్చుంటుంది హీరోను ఎత్తి చూపే ఇప్పటి ఎలివేషన్ సంగీతం: డిస్టార్షన్ పెట్టి గరుకు చేసిన సింథ్ బ్రాస్ (యంత్రంతో పుట్టించే బాకాల మోత), ఆగకుండా గీకే స్ట్రింగ్స్, వాటిపైన కోరస్. వీటిలో కోరస్ అన్నిటికన్నా ప్రమాదం. వయొలిన్ పక్కన మాట వింటే చెవి మాటను ఎంచుకుంటుంది. సంస్కృత శ్లోకం పక్కన డైలాగ్ వస్తే రెండూ మాటలే, చెవి దేని వెంట వెళ్లాలి? శ్లోకాన్ని డైలాగ్ ముందు గానీ వెనక గానీ పెట్టాలి, లేదా అర్థం లేని ‘ఆ’కారంతో సరిపెట్టుకోవాలి. నోట్స్ రాసేటప్పుడే తీరిపోయే ఈ సమస్యను మిక్సింగ్ గదికి తోసేసి, అక్కడ ఇంజినీర్‌ను పీక్కుతింటున్నారు.

మాస్ సినిమా అంటే ఊపు కదా, ఈలలు పడాలి కదా అని ఎదురు వాదన ఉంది. పడాలి. ‘అఖండ’కు తమన్ ఇచ్చింది ఆ సినిమాకు కావలసిందే, అఘోరా పాత్రకు వేణువు వాయిస్తే జనం నవ్వేవాళ్లు. ఆ సినిమాతో నాకు పేచీ లేదు. దానికి కుట్టిన చొక్కాను పెళ్లిచూపుల సీన్‌కూ, కోర్టు సీన్‌కూ తొడగడంతోనే పేచీ. ఇంకోటి, ఈల పడాలంటే ముందు ఒక అరసెకను ఖాళీ కావాలి. ఆ ఖాళీలోనే జనం ఊపిరి బిగబడతారు.

ఖాళీ ఎందుకు మాయమైందన్నది నాకు అసలు ఆసక్తి ఉన్న ప్రశ్న. ‘వెనకటివాళ్లకు తీరిక ఉండేది’ అని చాలామంది తేల్చేస్తారు. ఉండేది కాదు. ఇళయరాజా ఏడాదికి డజన్ల కొద్దీ సినిమాలు చేసిన రోజుల్లో ఒక్కో సినిమా ఆర్‌ఆర్‌కు (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం పనికి) దక్కేది కొద్ది రోజులే. ఆయన రీలు చూసి, నేరుగా కాగితం మీద స్వరాలు రాసి ఆర్కెస్ట్రాకు ఇచ్చేవారు. తేడా ఎక్కడుందంటే, అప్పుడు ప్రతి స్వరానికీ ఖర్చు ఉండేది. ముప్పై మంది వాద్యకారులు కుర్చీల్లో కూర్చుని ఉంటారు, కాల్షీట్ నడుస్తూ ఉంటుంది, ఒకరు తప్పితే మళ్లీ మొదటి నుంచి. అక్కర్లేని చోట వాయించాలని నిర్మాత అడగడు, వాయించేవాళ్లకూ ఓపిక ఉండదు. దానికితోడు ఫిల్ము అంచున ఒకే ఛానల్‌గా ముద్రించే మోనో ఆప్టికల్ ట్రాక్: మాట, సంగీతం, చప్పుళ్లు మూడూ ఆ ఒక్క సన్నటి చారలోంచే రావాలి. థియేటర్‌లో ఎనిమిది వేల హెర్ట్జ్ దాటిందేదీ సరిగా వినపడేది కాదు. అంత ఇరుకులో సంగీతం మాటకు దారి ఇవ్వక తప్పదు. ఆ ఇరుకే వాళ్లకు పొదుపు నేర్పింది.

ఇప్పుడు కంప్యూటర్‌లోని శబ్దాల లైబ్రరీలోంచి ఒక స్ట్రింగ్ ప్యాడ్ (సాగే తీగవాద్యాల స్వరం) తీసి నాలుగు నిమిషాలు నొక్కి పెడితే పైసా ఖర్చు లేదు. అందుకే ఆ ప్యాడ్ నాలుగు నిమిషాలూ ఉంటుంది. సీన్ బలహీనంగా ఉందనిపిస్తే పైన తబలా లూప్, అదీ చాలకపోతే డ్రమ్స్. రెండున్నర గంటల సినిమాలో రెండు గంటలు సంగీతం నడుస్తూనే ఉంటే అది సంగీతమని ప్రేక్షకుడు ఎప్పుడు గుర్తించాలి? సంగీతం వచ్చిందని తెలియాలంటే అది ఎప్పుడో ఆగి ఉండాలి.

1987లో వచ్చిన ‘పుష్పక విమానం’ చూడండి. ఒక్క మాట లేదు. ఇప్పుడైతే అలాంటి సినిమాను సంగీతంతో గోడ కట్టినట్టు నింపేస్తారు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, సంగీత దర్శకుడు ఎల్. వైద్యనాథన్ వీధి చప్పుళ్లకూ గది నిశ్శబ్దానికీ చోటు వదిలారు. థియేటర్ పక్క లాడ్జిలో మోతకు అలవాటుపడిన హీరోకు స్టార్ హోటల్ ప్రశాంతతలో నిద్ర పట్టదు, ఆ థియేటర్ చప్పుళ్లను టేపులో రికార్డు చేసుకుని వింటూ పడుకుంటాడు. మన ఎలివేషన్ అభిమానుల్ని సింగీతం ముప్పై ఏళ్ల ముందే చూసేశారేమో! ‘ఈగ’ (2012)లోనూ అసలు హీరోకు మాట లేదు, ముఖంలో భావం లేదు. ఆ ఈగకు కోపం వచ్చిందనీ, భయం వేసిందనీ చెప్పే పనిలో పెద్ద వాటా కీరవాణిదే. సంగీతం ఒక పాత్ర మోసే బరువు మోసిందక్కడ. మణిశర్మను పరిశ్రమ గమనించింది కూడా హిట్ పాటలతో కాదు, 1992లో వచ్చిన ‘రాత్రి’ నేపథ్య సంగీతంతో.

ఇంత చరిత్ర ఉన్నా స్కోరుకు, అంటే నేపథ్య సంగీతానికి, మన దగ్గర సవతి తల్లి ప్రేమే. కారణం మార్కెట్. ఆడియో కంపెనీ డబ్బు ఇచ్చేది పాటలకు. ఫస్ట్ సింగిల్, లిరికల్ వీడియో నెలల ముందే రావాలి, స్కోరు మాత్రం అన్నీ అయ్యాక చూసుకోవచ్చు. ఆ చివరి రోజుల్లో గ్రాఫిక్స్ షాట్లు ఇంకా వస్తుంటాయి, ఎడిటింగ్ ఇంకా మారుతుంటుంది. సెకనుకు 24 ఫ్రేములు. నిమిషానికి 120 బీట్ల వేగంలో పన్నెండు ఫ్రేములకొక దెబ్బ. గుద్దు మీద దెబ్బ పడేలా స్వరపరిచాక ఎడిటర్ తొమ్మిది ఫ్రేములు తీసేస్తే, గుద్దు ముందు పడి డప్పు మూడో వంతు సెకను పైన ఆలస్యంగా మోగుతుంది. మళ్లీ స్వరపరిచే టైమ్ లేక మ్యూజిక్ ఎడిటర్ మధ్యలో ఒక ముక్క కోసి అతికిస్తాడు, రాగం తెగుతుంది. తెగిన చోటు వినపడకుండా దానిమీద ఒక పెద్ద ‘ధన్’ వేస్తారు. మీరు థియేటర్‌లో అకారణంగా ఉలిక్కిపడే చాలా ‘ధన్’ల వెనక ఉన్నది ఇలాంటి అతుకే.

ఒత్తిడి పెరిగితే చేతులు పెరుగుతాయి. ‘సాహో’కు జిబ్రాన్, ‘సైరా’కు జూలియస్ ప్యాకియం, ‘రాధేశ్యామ్’కు తమన్ నేపథ్య సంగీతం ఇచ్చారు, వాటి పాటలు వేరేవాళ్లవి. ‘పుష్ప 2’కు అదనపు నేపథ్య సంగీతం పేరుతో సామ్ సీఎస్ వచ్చారు. పని పంచుకోవడం నేరం కాదు. ‘అర్జున్ రెడ్డి’లో పాటలు రధన్‌వి, స్కోరు హర్షవర్ధన్ రామేశ్వర్‌ది, అయినా సినిమా ఒక్కరి ఊహలా ఉంటుంది. చివరి నిమిషంలో పంచుకుంటే మాత్రం పాటలోని బాణీ స్కోరులోకి రాదు, మొదటి సగంలో నాటిన థీమ్ క్లైమాక్స్‌లో పూయదు.

2021 సినిమాలకు ఇచ్చిన జాతీయ పురస్కారాల్లో పాటలకు ‘పుష్ప’తో దేవిశ్రీ ప్రసాద్, నేపథ్య సంగీతానికి ‘ఆర్ఆర్ఆర్’తో కీరవాణి ఎంపికయ్యారు. రెండూ ఒకే ఏడాది తెలుగుకే. పండగ చేసుకున్నాం, మంచిదే. కానీ కీరవాణి స్కోరులో ఏ ఘట్టం ఎందుకు గొప్పదో ఎంతమంది మాట్లాడుకున్నారు? ‘నాటు నాటు’ ఆస్కార్ హోరులో అది కొట్టుకుపోయింది. మాట్లాడుకుందామన్నా వినడానికి స్కోరు విడిగా దొరకాలి. చాలాసార్లు దొరకదు. అందుకే అభిమానులు చాటుమాటు వైద్యం చేస్తారు: 5.1 ట్రాక్ (ఆరు ఛానళ్ల శబ్దం) తీసుకుని, మాటలుండే మధ్య ఛానల్‌ను మ్యూట్ చేసి, మిగిలిన కుడి, ఎడమ, సరౌండ్ ఛానళ్లను కలుపుతారు. వచ్చేది స్కోరే కానీ దాన్నిండా కార్ల హారన్లు, గాజు పగిలిన చప్పుళ్లు. యూట్యూబ్‌లో లక్షల మంది వినే ‘ఒరిజినల్ బీజీఎం’ల్లో చాలావాటి పుట్టుక ఇదే.

పాతవాటి సంగతి మరీ అన్యాయం. ‘శివ’ను 2025 నవంబర్‌లో మళ్లీ విడుదల చేసినప్పుడు, 1989 నాటి మోనో శబ్దాన్ని చుట్టూ, పైనా వినిపించే అట్మాస్‌కు మార్చడానికి కృత్రిమ మేధ సాయం తీసుకున్నారు. ఇళయరాజా వాయింపించిన సంగీతం విడి ట్రాక్‌గా భద్రంగా ఉండి ఉంటే, మాటల్లోంచి దాన్ని యంత్రంతో పిండుకోవలసిన అవసరం ఏముంది? చట్టమూ ఈ విషయంలో సగమే తోడు. 2012 కాపీరైట్ సవరణ స్వరకర్తకు వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. అయితే సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించేదాన్ని మినహాయించింది. పాట హాలు బయట రేడియోలో, పెళ్లిలో, ఫోన్‌లో బతికి సంపాదిస్తుంది. స్కోరు ప్రధానంగా బతికేది హాల్లోనే. విడిగా విడుదల చేయకపోతే బయట సంపాదించే దారి కూడా మూసుకుపోతుంది.

కనీసం దాచిపెట్టమంటే నిర్మాతలు ఖర్చు అంటారు. లెక్క వేద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో ఒక ఛానల్ గంటకు సుమారు అర జీబీ. రెండున్నర గంటల సినిమాకు ఆరు ఛానళ్ల స్టెమ్ (ఒక వాద్యాల గుంపును విడిగా ఉంచిన ట్రాక్) ఒకటి ఎనిమిది జీబీ లోపే. స్ట్రింగ్స్, బ్రాస్, డ్రమ్స్, కోరస్, సోలోలు అని పది స్టెమ్స్‌గా విడదీసినా ఎనభై దాటదు. సినిమా మొత్తం స్కోరు 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది.