కొలోన్ నగరానికి కొన్ని సూచనలు

రైన్ నది మీద క్రూయిజ్‌లో వచ్చే పర్యాటకుల తరఫున జర్మనీలోని కొలోన్ నగర పెద్దలకు ఒక మనవి. మా ఓడ పొద్దున తొమ్మిదికి రేవులో ఆగుతుంది. ఒంటిగంటకు భోజనం. ఈలోగా మీ రెండువేల ఏళ్ల చరిత్రను మేం పూర్తిచేయాలి. మా వైపు నుంచి ఏ లోపమూ లేదు. చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, గైడ్ చేతిలోని నంబరు పలక ఎటు పోతే అటు నడుస్తూనే ఉన్నాం. సహకరించనిది మీరే.

ముందు ఆ కెథడ్రల్, అదే మీ పెద్ద చర్చి, సంగతి చూద్దాం. 1248లో మొదలుపెట్టి 1880లో ముగించారు. 632 ఏళ్లు! మేం ఇరవై నిమిషాల్లో ముగించాం, సెల్ఫీలతో సహా. పదహారో శతాబ్దంలో పని ఆగిపోతే, సగం లేచిన దక్షిణ గోపురం మీద చెక్క క్రేన్ దాదాపు మూడొందల ఏళ్లు అలాగే నిలబడి ఉందట. అప్పటి చిత్రాల్లో ఊరిని గుర్తుపట్టేది దాన్ని చూసే. మన దగ్గర పిల్లర్ల దశలో ఆగిన ఫ్లైఓవర్ల మీద ఆవేశపడి రాసేవాళ్లు ఇది గమనించాలి.

ఇంత చేసి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడం అనిపించుకున్నారు, 157 మీటర్లు. నాలుగేళ్లకే వాషింగ్టన్ మాన్యుమెంట్ దాటేసింది. ప్లానింగ్ అంటే ఇదేనా? పైకి వెళ్లాలంటే 533 మెట్లు, లిఫ్ట్ లేదు. భోజనం వేళ తెలిసిన ఊరు చేసే పని కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టూ ఊరంతా కూలిపోయినా, తన మీద బాంబులు పడినా ఈ చర్చి నిలబడిందని గైడ్ చెబుతుండగా, మాలో ఒకాయన టాయిలెట్ ఎక్కడని అడిగారు. అప్పటిదాకా దిక్కులు చూస్తున్నవాళ్లంతా జవాబు కోసం హెడ్‌సెట్ వాల్యూమ్ పెంచారు.

నది ఒడ్డున పాతబస్తీ ఇళ్లు చాలావరకు యుద్ధం తర్వాత మళ్లీ కట్టినవట. అంటే మా గుంపులో కొందరు వాటికంటే వయసులో పెద్ద. ఫొటోల్లో మాత్రం ఇళ్లు పాతగానే పడ్డాయి కాబట్టి ఫిర్యాదు లేదు.

నిజంగా మెచ్చుకోవలసింది సెంటు వ్యాపారాన్నే. ఫరీనా అనే ఇటలీ కుటుంబం 1709లో ఇక్కడ కొట్టు పెట్టి, ఊరి పేరునే సీసాలో పోసి లోకమంతా అమ్మింది. ఊరు చూడటానికి టైమ్ లేనివాళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేశారు? మేం చర్చిలో కంటే సెంటు కొట్టులో ఎక్కువసేపు ఉన్నామని అంటున్నారు. అక్కడ ఏసీ ఉంది, ఇంకేం చెప్పాలి?

ఇక మీ కోల్ష్ బీరు. గ్లాసు 200 మిల్లీలీటర్లే. ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి తెచ్చి పెడతారు, చాలనుకుంటే గ్లాసు కింద వేసే అట్టను తీసి గ్లాసు మీద పెట్టాలి. ఎంత నాగరికమైన పద్ధతి! గైడ్ ప్రసంగాలకూ దీన్ని వర్తింపజేయాలని మా మనవి. అట్టలు మీవే ఇవ్వండి. రోమన్ల దగ్గర మొదలైన కథకు ఏ చక్రవర్తి దగ్గర మూత పెట్టాలో మేమే చూసుకుంటాం.

ఎల్లుండి స్ట్రాస్‌బర్గ్. అక్కడి కెథడ్రల్‌కు ఒక్క గోపురమే కట్టి ఊరుకున్నారట. పర్యాటకుల టైమ్ విలువ తెలిసినవాళ్లు.