బ్యాటరీ నిలబడటం లేదని ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకండి

ఎండలు ముదిరేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఫోన్ బ్యాటరీ సాయంత్రం దాకా నిలబడకపోతే ఏం చేయాలో అందులో వరసగా ఉంటుంది. వాడిన యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు క్లియర్ చేయాలట. బ్యాటరీ సేవర్ యాప్ వేసుకోవాలట. వారానికోసారి ఛార్జింగ్ సున్నాకు దింపి వందకు ఎక్కించాలి. నల్ల వాల్‌పేపర్ పెడితే బ్యాటరీ రెట్టింపు వస్తుంది. వేడెక్కితే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. *3370# నొక్కితే కంపెనీ దాచిన బ్యాటరీ బయటికొస్తుంది. ఇవన్నీ చేసినా దిగిపోతుంటే ఫోన్ హ్యాక్ అయినట్టే. చివర్లో నలుగురికీ పంపమని విన్నపం.

పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ ఈ మెసేజ్ జబ్బేమిటో చూడకుండా మందులు రాసిస్తోంది. ఏ యాప్ ఎంత బ్యాటరీ తిన్నదో లెక్క ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, దాని కింద బ్యాటరీ యూసేజ్. అది తెరిచి చూడమని ఇంత పొడుగు మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. నా ప్రధానమైన అభ్యంతరం ఇదే. ఇక ఒక్కో సలహా సంగతి చూద్దాం.

“యాప్‌లన్నీ ఎప్పటికప్పుడు క్లియర్ చేయండి.” అందరికీ బాగా అలవాటైపోయిన సలహా ఇది. ఫోన్ పక్కన పెట్టే ముందు రీసెంట్స్, అంటే ఈమధ్య వాడిన యాప్‌ల వరస, తెరిచి అన్నిటినీ పైకి తోసేయడం చాలామంది చేతులకు ఆలోచించకుండా చేసే పనైపోయింది. అక్కడ కార్డుల్లా కనిపించేవన్నీ నడుస్తున్న యాప్‌లు కావు. చాలావాటి విషయంలో అది చివరిసారి మీరు చూసిన స్క్రీన్ బొమ్మ మాత్రమే. ర్యామ్‌లో, అంటే ఫోన్ తాత్కాలిక మెమరీలో, కదలకుండా ఉన్న యాప్ విడిగా కరెంటేమీ తినదు. ర్యామ్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా దాని ఖర్చు దాదాపు ఒకటే. క్లియర్ చేసిన వాట్సాప్‌ను కాసేపటికే మళ్లీ తెరుస్తారు కదా, అప్పుడు అది మొదటినుంచి లోడ్ కావాలి. ప్రాసెసర్‌కు ఆ పనే ఎక్కువ.

ఇది నా సొంత లెక్క కాదు. 2016 మార్చిలో ఒక ఐఫోన్ వినియోగదారు ఇదే ప్రశ్న ఆపిల్‌ను అడిగితే, సాఫ్ట్‌వేర్ విభాగం చూసే క్రెయిగ్ ఫెడరిగీ తాను అలా చేయనని, బ్యాటరీ కోసం అది అవసరమూ లేదని జవాబిచ్చారు. అదే నెలలో గూగుల్‌లో ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ కూడా దానివల్ల లాభం లేదనే చెప్పారు. అప్పటికే, అంటే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే, డోజ్ అనే ఏర్పాటు ఉంది. స్క్రీన్ ఆపి ఫోన్‌ను కదపకుండా వదిలేస్తే యాప్‌ల బ్యాక్‌గ్రౌండ్ పనులన్నిటినీ ఆపి, మధ్యమధ్యలో ఒక్కసారిగా చేయిస్తుంది. మనం చేత్తో చేయాల్సిన పని కాదిది.

అలాగని ఏ యాప్‌నూ ఎప్పుడూ ఆపకూడదని కాదు. ఒక్కోసారి ఒక యాప్ పాడై ప్రాసెసర్‌ను వదలకుండా పట్టుకుంటుంది. మెయిల్ సింక్ కాక పదే పదే ప్రయత్నిస్తుంది, మ్యాప్స్‌లో నావిగేషన్ ఆపడం మర్చిపోయి ఉంటాం. బ్యాటరీ యూసేజ్‌లో దాని పేరు పైనే కనబడుతుంది. ఆ ఒక్కదాన్ని ఫోర్స్ స్టాప్ చేయండి, అప్‌డేట్ ఉంటే వేయండి, అయినా మారకపోతే తీసేయండి. ఫోన్‌కు సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ఒకటి రెండు రోజులు మాత్రం బ్యాటరీ మామూలుకంటే వేగంగా దిగుతుంది. లోపల యాప్‌లను, ఫొటోలను మళ్లీ సర్దుకునే పని నడుస్తుంటుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

“బ్యాటరీ సేవర్ యాప్ వేసుకోండి.” దయచేసి వేసుకోకండి. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఆ పని చేసే బటన్ ఫోన్‌తోపాటే వస్తుంది. బయటి నుంచి తెచ్చిన సేవర్, క్లీనర్, బూస్టర్ యాప్‌లు తాము పనిచేయడానికే రోజంతా బ్యాక్‌గ్రౌండ్‌లో మేలుకుని ఉండాలి. పైగా నోటిఫికేషన్లు వేస్తాయి, యాడ్స్ చూపిస్తాయి, వాటికోసం డేటా లాగుతాయి. అవి మూసేసిన యాప్‌లను సిస్టమ్ మళ్లీ లేపుతుంది, ఇవి మళ్లీ మూస్తాయి. ఆ పోరులో ఖర్చయ్యేది మీ బ్యాటరీయే. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది గుర్తుందా? అందరికీ గుర్తున్నది టిక్‌టాక్. కానీ ఆ జాబితాలో క్లీన్ మాస్టర్, డీయూ బ్యాటరీ సేవర్ కూడా ఉన్నాయి. నిషేధానికి చెప్పిన కారణం డేటా భద్రత, బ్యాటరీ కాదు. అయినా బ్యాటరీని కాపాడతానన్న యాప్‌కు ఫోన్‌లో ఎన్ని అనుమతులు ఇస్తున్నామో ఆలోచించడానికి ఆ ఒక్క సంగతి చాలు.

“వారానికోసారి సున్నాకు దింపండి.” ఈ సలహాకు ఒకప్పుడు అర్థం ఉండేది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలను ప్రతిసారీ సగంలోనే ఛార్జ్ చేస్తుంటే ఆ సగానికే అలవాటుపడినట్టు ప్రవర్తించేవి. సోనీ 1991లో మార్కెట్‌లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ స్వభావం వేరు. ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోన్లన్నిటిలోనూ ఆ జాతి బ్యాటరీయే. పూర్తిగా ఖాళీ అవడం దానికి శ్రమ, పూర్తిగా నిండి వేడిలో ఉండటమూ శ్రమే. ఇరవైకి ఎనభైకి మధ్య తిరుగుతుంటే ఎక్కువ కాలం వస్తుంది. మొత్తం వంద శాతం ఛార్జ్ వాడితే ఒక సైకిల్ అంటారు. సగం సగం రెండుసార్లు ఎక్కించినా అది ఒక్క సైకిల్ కిందే లెక్క, కాబట్టి కొంచెం కొంచెంగా ఛార్జింగ్ పెడితే నష్టమేమీ లేదు. పర్సంటేజీ తప్పుగా చూపిస్తున్నప్పుడు ఒక్కసారి పూర్తిగా దింపి ఎక్కిస్తే అంకె సరిపడవచ్చు. సరిపడేది అంకె మాత్రమే. పోయిన కెపాసిటీ తిరిగి రాదు.

నల్ల వాల్‌పేపర్ మాటలో కొంత నిజం ఉంది. ఓలెడ్ స్క్రీన్‌లో నల్లగా ఉన్నచోట చుక్క వెలగదు, కాబట్టి కరెంటు మిగులుతుంది. ఎల్‌సీడీలో వెనక లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, పైన ఏ రంగు వేసినా ఒకటే. తక్కువ ధర ఫోన్లలో ఇప్పటికీ ఎల్‌సీడీలు చాలా ఉన్నాయి. ఓలెడ్‌లోనైనా ఎంత మిగులుతుంది? అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో కొలిచి చూశారు. ఇంట్లో మనం మామూలుగా పెట్టుకునే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్‌లో డార్క్ మోడ్‌వల్ల సగటున మిగిలేది 3 నుంచి 9 శాతం. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినప్పుడే అది 39 నుంచి 47 శాతం దాకా వెళ్లింది. వాల్‌పేపర్ ఒక్కటే మారిస్తే ఇంకా తక్కువ, ఎందుకంటే మనం రోజంతా చూసేది వాల్‌పేపర్‌ను కాదు. అసలు బ్రైట్‌నెస్సే ఒక మెట్టు తగ్గిస్తే ఏ రకం స్క్రీన్‌కైనా పనిచేస్తుంది.

*3370# కథ అయితే నోకియా ఫోన్ల కాలం నాటిది. కొన్ని పాత నోకియాల్లో ఆ కోడ్ నొక్కితే కాల్‌లో మాట ఇంకాస్త స్పష్టంగా వినిపించేది, అందుకు బ్యాటరీ ఎక్కువ ఖర్చయ్యేది. మెసేజ్ చెప్పేదానికి సరిగ్గా తలకిందులు. దాచిపెట్టిన బ్యాటరీ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఫ్రిజ్ సలహా మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. చల్లబడిన ఫోన్‌ను బయటికి తీయగానే గాలిలో తేమంతా దానిమీద చేరుతుంది. చల్లటి సీసా బయటపెడితే నీళ్లు పట్టడం విజయవాడలో, విశాఖలో ఉండేవాళ్లకు కొత్త కాదు. ఆ నీళ్లు ఫోన్ లోపలా పడతాయి. వేడెక్కితే ఛార్జర్ తీసి, కవర్ ఊడదీసి, నీడలో ఫ్యాన్ కింద పెట్టండి, చాలు.

వేడి చెడ్డదన్న మాట వరకు నిజం. తన ఫోన్లు 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడటానికి చేసినవని ఆపిల్ చెబుతుంది. అంతకుమించిన వేడిలో కెపాసిటీ శాశ్వతంగా తగ్గవచ్చనీ హెచ్చరిస్తుంది. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా నీడలోనే 35 దాటుతుంది. మధ్యాహ్నం రెండింటికి డెలివరీ అబ్బాయి బైక్ హ్యాండిల్ మీద ఫోన్ చూడండి. పైన ఎండ, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్, జీపీఎస్ ఆన్, మొబైల్ డేటా, పక్కనే పవర్ బ్యాంక్ నుంచి ఛార్జింగ్. వేడి పుట్టించేవన్నీ ఒకేచోట కలిశాయి. ఆ ఫోన్ బ్యాటరీ ఏడాదిన్నరకే నీరసపడితే తప్పు యాప్‌లది కాదు. ఆర్డర్ల మధ్య దాన్ని నీడలోకి తీయడం, దారి తెలిసినప్పుడు స్క్రీన్ ఆపి వాయిస్ వినడం ఏ సేవర్ యాప్‌కన్నా మేలు చేస్తాయి.

“దిగిపోతుంటే హ్యాక్ అయినట్టే.” ఇది భయపెట్టే మాట, పైగా రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది. బ్యాటరీ వేగంగా దిగడానికి మామూలు కారణాలే ఎక్కువ. మరోవైపు, ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీ దొంగిలించే యాప్‌కు బ్యాటరీ పెద్దగా అక్కర్లేదు. బ్యాటరీ బాగుంది కాబట్టి ఫోన్ భద్రం అనుకోవడం ఇంకా ప్రమాదం. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని, బ్యాంక్ కేవైసీ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) ఎప్పుడైనా నొక్కి ఇన్‌స్టాల్ చేశారా? అయితే బ్యాటరీ ఎలా ఉన్నా సరే, వెంటనే నెట్ ఆపి, ఆ యాప్ తీసేసి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి. స్క్రీన్ మీద ఉన్నది చదివి మన బదులు నొక్కగలిగే యాక్సెసిబిలిటీ అనుమతి ఏ ఏ యాప్‌లకు ఉందో కూడా ఒకసారి చూడండి.

ఇక ఆ మెసేజ్ ఊసే ఎత్తని రెండు కారణాలున్నాయి. నేను చూసిన ఫోన్లలో ఎక్కువసార్లు తేలేవి ఇవే.

ఒకటి సిగ్నల్. మొన్న ఊరెళ్లినప్పుడు మా పిన్ని ఫోన్ చేతికిచ్చి, “ఒరేయ్, పొద్దున వంద ఉంటే మధ్యాహ్నానికే ముప్పైకి వస్తోంది, ఫోన్ మార్చేయాలేమో చూడు” అంది. బ్యాటరీ యూసేజ్ తెరిస్తే అన్నిటికన్నా పైన ఉన్నది మొబైల్ నెట్‌వర్క్. ఆవిడ రోజంతా ఉండే మధ్య గదిలో ఒక్క గీత సిగ్నల్, డాబా ఎక్కితే నిండుగా. టవర్ సరిగా అందనప్పుడు ఫోన్ గొంతు పెంచాలి, అంటే ఎక్కువ పవర్‌తో సిగ్నల్ పంపాలి. 4జీలో మామూలు ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్ల దాకా వెళ్తుంది. 2జీ కాల్‌లో అయితే 2 వాట్ల దాకా వెళ్లగలదు. దీనికితోడు 5జీ అంచున ఉన్నచోట 4జీకి 5జీకి మధ్య ఊగుతూ ఉంటుంది. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి వైఫై కాలింగ్ ఆన్ చేసి, నెట్‌వర్క్‌ను 4జీకి పెట్టాం. “యాప్‌లు తోసేయక్కర్లేదా మరి?” అని ఇప్పటికీ అడుగుతుంది గానీ, ఛార్జింగ్ మాత్రం రాత్రిదాకా వస్తోంది. విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్లేవాళ్ల ఫోన్లు దారిలోనే చచ్చిపోవడానికి వీడియోలు తీయడం ఒక కారణమైతే, సొరంగాల్లో, కొండల్లో సిగ్నల్ కోసం వెతకడం ఇంకో కారణం. అలాంటిచోట ఫ్లైట్ మోడ్ పెట్టండి.

సిగ్నలా, యాప్‌లా, బ్యాటరీయేనా అని అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. పడుకునే ముందు పర్సంటేజీ రాసిపెట్టుకుని పొద్దున చూడండి. మర్నాడు అదే పని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చేయండి. ఫ్లైట్ మోడ్‌లో నష్టం బాగా తగ్గితే గొడవ నెట్‌వర్క్‌దో సింక్ అయ్యే యాప్‌లదో. రెండు రాత్రులూ ఒకేలా బాగా దిగితే బ్యాటరీని అనుమానించాలి.

రెండోది అదే, బ్యాటరీ వయసు. ఐఫోన్ 14 దాకా మోడళ్లకు 500 పూర్తి సైకిళ్ల తర్వాత 80 శాతం కెపాసిటీ మిగిలేలా, 15 నుంచి 1000 సైకిళ్లకు అలా మిగిలేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త మోడళ్ల బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలబెట్టుకోవాలన్నది నిబంధనే. రోజూ ఒక సైకిల్ వాడేవాళ్లకు 500 అంటే ఏడాదిన్నర కూడా పూర్తిగా రాదు. ఇరవై శాతం ఉందనగానే ఫోన్ ఠపీమని ఆగిపోవడం ఈ ముసలితనానికి గుర్తు. లోపల నిరోధం పెరిగి, కెమెరాలాంటిది తెరవగానే వోల్టేజీ కుప్పకూలుతుంది. అలా ఆగిపోకుండా ఉండటానికే పాత ఐఫోన్ల వేగం తగ్గిస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకోవాల్సి వచ్చింది. బ్యాటరీ హెల్త్ 80 శాతం కిందికి వచ్చిన ఫోన్‌కు ఏ చిట్కా పనిచేయదు, బ్యాటరీ మార్చాలి. కొత్త ఫోన్ ధరతో చూస్తే అది చిన్న ఖర్చే. వేసే బ్యాటరీకి బిల్లు, వారంటీ రాసిమ్మని అడగండి. పాత సైజులోనే అంతకు రెట్టింపు ఎంఏహెచ్ (బ్యాటరీ కెపాసిటీ కొలత) అని లేబుల్ ఉంటే నమ్మకండి.

వెనక మూత లేచినా, స్క్రీన్ అంచు దగ్గర సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బినట్టు. ఇక దాన్ని ఛార్జింగ్‌లో పెట్టొద్దు, నొక్కి మూయొద్దు, పిన్నుతో పొడవొద్దు. స్విచాఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి, పాత బ్యాటరీ ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయకుండా అక్కడే అప్పగించండి. వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత మన దేశంలో 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులదే.