బీచ్ బ్యాడ్జీ అడగని నెలల్లో

న్యూజెర్సీలో మనవాళ్లకి బీచ్ అంటే జులై. బీచ్‌లోకి వెళ్లడానికి టిక్కెట్టు లాంటి బ్యాడ్జీలు కొనుక్కుని, గొడుగులూ పులిహోర డబ్బాలూ మోసుకుంటూ వెళ్తాం. ఆ రద్దీలో మన కంటబడే పక్షులు చిప్స్ ఎత్తుకుపోయే సీగల్స్ ఒక్కటే. ఉత్తరాన చలిదేశాల నుంచి పక్షి అతిథులు దిగేది చలికాలంలో. అప్పటికి మనం మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలంటూ ఏదో స్కూలు ఆడిటోరియంలో తలుపులేసుకుని కూర్చుంటాం. సంబరాలు మానమనడం లేదు. జనవరిలో ఒక్క ఆదివారం పొద్దున్న మన తీరంలోని బార్నెగాట్ లైట్‌కి కేటాయించమంటున్నాను.

ఎడిసన్ ఊరి నుంచి దాదాపు గంటన్నర డ్రైవు. 1859లో వెలిగించిన లైట్‌హౌస్ పక్కనే రాళ్ల జెట్టీ, అంటే సముద్రంలోకి కట్టిన గట్టు. కెరటాలు బద్దలయ్యే చోటే హార్లెక్విన్ బాతులు ఆడుతుంటాయి. మగబాతుది నీలి బూడిదరంగు, పక్కలు ఇటుకరంగు, దాని మీద ముగ్గు వేసినట్టు తెల్లటి గీతలు. వేసవిలో ఇవి క్యూబెక్, లాబ్రడార్ వైపు ఉరవడిగా పారే ఏళ్ల దగ్గర గుడ్లు పెడతాయి. చలికాలం వచ్చేసరికి ఇక్కడికొచ్చి, ఆ నురుగులోనే మునిగి నత్తలూ పీతలూ ఏరుకుంటాయి. రాళ్లకి కొట్టుకుని ఎముకలు విరిగి, మళ్లీ అతుక్కున్న గుర్తులు చాలా బాతుల్లో కనిపిస్తాయట. అరుపు మాత్రం ఎలుక కిచకిచే!

తూర్పుగాలి గట్టిగా వీస్తే ఇంకా మంచిది. నార్‌ఈస్టర్ అనే తుఫాను వెళ్లిన మర్నాడు, ఎక్కడో నడిసముద్రంలో తిరిగే గానెట్లు అనే పెద్ద పక్షులు ఒడ్డు దగ్గరికి రావచ్చు. రెక్కలు చాస్తే ఆరడుగులు. చేప కనబడగానే రెక్కలు వెనక్కి ముడిచి నిట్టనిలువుగా నీళ్లలోకి దూకుతాయి. ఆ దెబ్బ తట్టుకోవడానికి చర్మం కింద గాలి సంచులుంటాయి, ముక్కుకి బయట రంధ్రాలే ఉండవు.

"అంత చలిలో పిల్లల్నా?" అంటారు. పోకోనోస్ కొండల్లో స్కీయింగ్‌కి అదే చలిలో, డబ్బు పోసి మరీ తీసుకెళ్తున్నాం కదండీ! అక్కడ సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పండగకి ఊళ్లకి ఊళ్లే కదిలొస్తాయి.

అయితే బస్సులు కట్టుకుని వెళ్లొద్దు. నాలుగైదు కార్లు చాలు. డ్రోన్లు వద్దు. ఫొటో కోసం జెట్టీ రాళ్లెక్కడం అసలే వద్దు. నాచు మీద మనం జారడం ఒకటి, తిండి వదిలేసి బాతులు లేచిపోవడం ఇంకొకటి. ఆ చలిలో వాటికి ప్రతి ముద్దా లెక్కే.

బైనాక్యులర్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవచ్చు. దూరాన ఉన్న గానెట్లకి మాత్రం స్పాటింగ్ స్కోప్, అంటే స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి, కావాలి. ఈ ఏడాది వేదిక మీద పంచే శాలువాలూ మెమెంటోలూ కాస్త తగ్గిస్తే ఒకటి కొనొచ్చు. దాని మీద కార్యవర్గం పేర్లన్నీ చెక్కించుకున్నా నాకేం అభ్యంతరం లేదు.