పిల్లల చేతికి పుస్తకం ఇవ్వండి, కానుకకు షరతు పెట్టకండి

వేసవి సెలవులు మొదలైన వారం పది రోజులకే జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో చర్చి గోడల మీద వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిలు బడి, ఫ్లెక్సీలు వెలుస్తాయి. పొద్దున ఏడున్నరకు పాటలు, ఎనిమిదింటికి కథ, ఆ తర్వాత బంగారు వాక్యం, అంటే ఆ రోజుకు ఎంచిన బైబిలు వాక్యం, కంఠతా పట్టించడం, తొమ్మిదిన్నరకు ఉగ్గాని, ఎండ ముదిరేలోపే పిల్లలు ఇళ్లకు చేరడం, ఈ వరుస ఎరగని సంఘం మా ప్రాంతంలో ఉండదు. నిరుడు మే నెలలో అలాంటి ఒక బడి ముగింపు రోజున నేను వెనక వరుసలో చాప మీద కూర్చుని చూశాను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. మూత మీద సిలువ బొమ్మ స్టిక్కరు, లోపల రంగుల్లో అచ్చువేసిన పదహారు పేజీల చిన్న పుస్తకం. నా ముందు కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్ల మూత తీసి, పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టి చాప మీద పెట్టేసి, డబ్బాను ఒళ్లో ఉంచుకుని మూత బిగువుగా పడుతోందో లేదో మూడుసార్లు వేసి తీసి చూసుకుంది. కూటం అయిపోయాక టీచరమ్మ చాపల మీద మిగిలిపోయిన పుస్తకాలన్నీ ఏరి, దుమ్ము దులిపి, పక్క ఊరి బడికి పనికొస్తాయని పురికొసతో కట్ట కట్టింది.

ఆ పిల్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆమెకు డబ్బా అవసరం, పుస్తకం అవసరమని ఆమెకు ఎవరూ తెలియజెప్పలేదు. ఆ పురికొస కట్టను చూసిన దగ్గరనుంచి నాకు స్థిరపడిన అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను. పిల్లలతో క్రైస్తవ విశ్వాసాన్ని పంచుకునే హక్కు మనకుంది, బాధ్యత కూడా ఉంది. అయితే కానుకను విశ్వాసానికి ముడివేసిన ప్రతిచోటా మనం ఆ రెండింటినీ పాడుచేస్తున్నాం. మన దగ్గర నిజంగా ఇవ్వదగినదేదైనా ఉంటే అది కథ, ఆ కథను సొంతంగా చదువుకోగలిగే అక్షరం, కలిసి కూర్చుని తినే ఒక పూట భోజనం. మిగిలిన సామగ్రి ఎంత ఇచ్చినా మంచిదే, కానీ దాన్ని సువార్త పేరుతో ఇవ్వకూడదు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన మాటేమీ కాదు. ఆదివారపు బడి పుట్టుకను గుర్తుచేసుకుంటే చాలు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు దాన్ని మొదలుపెట్టింది, వారమంతా పనుల్లో నలిగే పేదపిల్లలకు ఆదివారం పూట చదవడం నేర్పడానికి. సెలవుల బైబిలు బడికి ఆద్యురాలైన హాస్ అనే మహిళ 1898లో న్యూయార్క్ పేదవాడలో వేసవి అంతా వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక సారాయి హాలును అద్దెకు తీసుకుని నడిపింది. ఒకచోట అక్షరం, ఇంకొకచోట నీడ. పిల్లలు అందుకోసమే వచ్చారు, వచ్చాక కథ విన్నారు.

మన సీమలోనూ జరిగింది అదే. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. అంతకు ఏడాది ముందు, అంటే 1821లో, మిషనరీ కాకపోయినా బ్రౌన్ దొర ఇదే కడపలో సొంత ఖర్చుతో రెండు ఉచిత పాఠశాలలు తెరిచాడు. తర్వాతి కాలంలో జమ్మలమడుగు, గుత్తి, ముత్యాలపాడు, నంద్యాల మిషన్ కాంపౌండ్లలో మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు పలక పట్టుకున్నది ఊరి బడి అరుగు వాళ్లను ఎక్కనివ్వని రోజుల్లో. మా అవ్వ అలాంటి ఒక బడిలో రెండేళ్లు కూర్చుంది. ఆమె చనిపోయాక ట్రంకుపెట్టెలో దొరికిన కీర్తనల పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. పాత చీర అంచుతో కుట్టిన అట్ట, కుడివైపు పేజీల కింది మూలలన్నీ బొటనవేలి నూనెతో నల్లబడి మెత్తబడిపోయాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఉన్న పుటలైతే విడిపోయి, అన్నం మెతుకులతో మళ్లీ అతికించినవి. ఆమె చదివేటప్పుడు చూపుడువేలు అక్షరం కింద నడిచేది, పెదవులు కదిలేవి, ఒత్తు దగ్గర వేలు ఆగేది. రేషన్ కార్డు మీద తన పేరు తప్పు పడిందని ఆఫీసుకు వెళ్లి చూపించింది కూడా ఆ వేలితోనే. ఆమెకు ఆ బడిలో ఏ బహుమతులు ఇచ్చారో ఆమె ఎన్నడూ చెప్పలేదు, బహుశా ఇచ్చే ఉంటారు. నిలిచింది పుస్తకం.

కానుకకూ విశ్వాసానికీ మధ్య ఎడం పాటించాలనడానికి తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. దాన్ని మన ప్రసంగ వేదికలు సగమే చెబుతాయి. 1876 నుంచి 1878 వరకు నడిచిన ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి సీమలను ఊడ్చిపెట్టిన సంగతి మన పెద్దల నోట ఇంకా ఉంది. ఆ కాలంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన పనిచేస్తున్న జాన్ ఎవరెట్ క్లౌ, ఊరికే గంజి పోయడం కంటే కూలి ఇవ్వడం మేలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనికి కాంట్రాక్టు తీసుకుని వేలమంది ఆకలి తీర్చాడు. మన వేదికలు ఇక్కడినుంచి ఒక్క దూకులో 1878 జూలై 3కు, ఆ రోజు గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మంది దగ్గరకు వెళ్లిపోతాయి. మధ్యలో ఉన్నదే అసలు విషయం. కరువు సహాయం నడిచినంతకాలం, దాదాపు 15 నెలలు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లు లేక కాదు, గుంపులుగా వచ్చి అడిగారు. కడుపు కోసం వచ్చినవారెవరో, మనసుతో వచ్చినవారెవరో తేలాలంటే గింజలు పంచే చెయ్యి ఆగేదాకా నీళ్లలోకి దిగకూడదని ఆయన నిశ్చయించుకున్నాడు. సహాయం ముగిసింది, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పాడు. ఆ తర్వాత కూడా వచ్చినవారే ఆ 2,222 మంది.

ఆ 15 నెలల నిరీక్షణ ముందు మన టిఫిన్ డబ్బా స్టిక్కరును పెట్టి చూడండి. ఆకలితో చస్తున్న పెద్దవాళ్ల విషయంలోనే అంత జాగ్రత్త పాటించిన వారసత్వం మనది. పెన్సిలు పెట్టెకు, బొమ్మకు, కొత్త గౌనుకు కళ్లు మెరిసే ఎనిమిదేళ్ల పిల్లల విషయంలో దానికి రెట్టింపు జాగ్రత్త పాటించవలసింది పోయి, హాజరు పట్టీలో పది రోజులూ టిక్కు పడినవారికే పెద్ద బహుమతి అంటున్నాం. విదేశాల నుంచి వచ్చే కానుక పెట్టెల విషయంలోనూ నా అభ్యంతరం ఇదే. 1990లో బ్రిటన్‌లో రుమేనియా అనాథపిల్లల కోసం బూట్ల పెట్టెల్లో సామాన్లు సర్ది పంపడంతో మొదలైన ఆ ఆలోచనలో జాలి ఉంది, ప్రేమ ఉంది, వాటిని నేను శంకించను. కానీ పెట్టె అందుకున్న పిల్లవాడిని ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫోటో తీసే క్షణంలో ఆ ప్రేమ రసీదుగా మారిపోతుంది. అనంతపురం జిల్లా ప్రజలకు దీనికి విరుగుడైన ఉదాహరణ ఎవరూ చెప్పనక్కరలేదు. 1969లో అక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్లనే కాథలిక్ సన్యాసుల సభ నుంచి వచ్చినవాడే, తర్వాత ఆ సభను వీడాడు. ఏ గ్రామంలోనూ ఇల్లు కట్టించి మతం అడగలేదు. ఆయన చిత్రం ఇవాళ ఎన్ని హిందూ ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఉందో ఆ జిల్లా పల్లెల్లో తిరిగినవారికి తెలుసు.

అసలు పిల్లల జోలికే వెళ్లవద్దని, పద్దెనిమిదేళ్లు నిండాక వాళ్లే తేల్చుకుంటారని వాదించేవారున్నారు. వారి ఆందోళనలో కొంత న్యాయం ఉంది కాబట్టే పై మాటలన్నీ రాశాను. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది, 1977లో సుప్రీంకోర్టు ఆ స్వేచ్ఛలో ఇతరులను మతం మార్చే హక్కు లేదని చెప్పింది. 28వ అధికరణం మైనరు పిల్లలకు విద్యాసంస్థల్లో మతబోధ విషయంలో సంరక్షకుల సమ్మతిని తప్పనిసరి చేసింది. చర్చి ఆవరణ విద్యాసంస్థ కాకపోవచ్చు, అయినా ఆ సూత్రాన్ని మనంతట మనమే పాటించాలి. తల్లిదండ్రులకు తెలియకుండా ఏ పిల్లనూ కూటంలో కూర్చోబెట్టకూడదు. అయితే ఏ కథా వినకుండా ఏ బిడ్డా పెరగదు. ఉగాది రోజున ముస్లింలు దేవుని కడప గుడికి వెళ్లే జిల్లా ఇది, గూగూడులో కుళ్లాయప్ప పీరుకు హిందువులు మొక్కుకునే సీమ ఇది. పక్కింటి దేవుడి కథ విన్నంత మాత్రాన ఇక్కడి పిల్లలు ఎన్నడూ తప్పిపోలేదు.

నాకు ఉత్సాహం కలిగించే విషయం ఇక్కడే మొదలవుతుంది. క్రీస్తు చెప్పిన ఉపమానాలకు రాయలసీమ పిల్లల కంటే తగిన శ్రోతలు దొరకరు. విత్తువాడు చల్లిన గింజల్లో కొన్ని రాతినేల మీద పడి, మన్ను లోతు లేక, మొలిచీ మాడిపోయాయన్న మాట వరి పొలాల మధ్య పెరిగిన పిల్లలకు బోధించి చెప్పాలి. అనంతపురం ఎర్రనేలలో జూన్ చినుకుకు చెనిక్కాయ వేసి ఆగస్టు ఎండకు దిగులుపడే ఇంటి పిల్లకు చెప్పనక్కరలేదు. కడప బండల మీద నడిచే పిల్లవాడికి రాయి మీద మన్ను ఎంత పలచగా ఉంటుందో పాదాలకే తెలుసు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే తొంభైతొమ్మిదింటిని వదిలి వెతకబోయిన కాపరి కథ, పొద్దుగూకేవేళ దొడ్డి వాకిట నిలబడి మందను లెక్కపెట్టే కురుబవారి పిల్లవాడికి చెప్పండి. ఆ ఒక్కటీ ఏ కంపలో ఇరుక్కుందో, ఏ కుక్కల పాలయిందో అన్న భయం వాడికి ఇంటి విషయం. మధ్యాహ్నపు ఎండలో బిందెతో బావి దగ్గరకు వచ్చిన, యూదులు దూరం పెట్టిన సమరయ జాతి స్త్రీ, ఆమె చేతి నీళ్లు అడిగినవాడు ఎవరు, ఎందుకు ఆమె ఆశ్చర్యపోయింది అన్నది, వేరే బావి వేరే గ్లాసు అనుభవం ఉన్న కుటుంబాలకు వ్యాఖ్యానమే వద్దు.

మరి మనం పంచే పుస్తకాల్లో ఏముంటుంది? ఆ రోజు చాప మీద పడి ఉన్న పదహారు పేజీలను నేను తిరగేశాను. బంగారు రంగు జుట్టు పిల్లలు, ఇంటి కప్పు మీద మంచు, ఉన్ని టోపీలు. వాక్యాలు ఎక్కడో ఇంగ్లిషులో రాసినవాటిని మాటకు మాట దించినవి, ఎవరూ ఎవరితోనూ అలా మాట్లాడరు. ‘దేవుడు నిన్ను కలిగి ఉండుటకు సంతోషించుచున్నాడు’ అన్న వాక్యాన్ని నేనే రెండుసార్లు చదవవలసి వచ్చింది. గ్రాంథిక బైబిలు మీద నాకు ఫిర్యాదు లేదు. ఇరవైమూడవ కీర్తనను ఆ పాత తెలుగులోనే కంఠతా పట్టినవాణ్ణి, దాని లయ నాలో ఇంకా మోగుతుంది. జాషువా గారి క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందంటే క్రీస్తు కథకు తెలుగులో ఎంత చోటుందో అర్థం చేసుకోవచ్చు. నా ఫిర్యాదు అటు పాతదీ కాని, ఇటు ఇంటిదీ కాని అనువాద భాష మీద. పిల్లలకు అది అర్థం కాకపోవడం వారి లోపం కాదు.

ఇక్కడ చర్చి గోడ దాటి ఒక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే చదవలేని పిల్లలకు ఎవరి గ్రంథమూ చేరదు. ఆంధ్రలో గ్రంథాలయోద్యమానికి దిక్సూచిగా నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టింది కర్నూలులో. ఊరూరా పఠన మందిరం ఉండాలని జీవితమంతా తిరిగినవాడు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల పేరుతో ఇప్పటికీ వసూలవుతోంది, కానీ మండల కేంద్రాలు దాటితే పిల్లలు చేతికి తీసుకోదగిన తెలుగు కథల పుస్తకం ఉన్న గది ఎన్ని ఊళ్లలో ఉందో వెతకాలి. ఐదో తరగతి పిల్లలు ఇంగ్లిషు పాఠాన్ని అర్థం లేకుండా అప్పజెబుతున్నారు, తెలుగు వాక్యాన్ని అక్షరమక్షరం కూడబలుక్కుంటున్నారు. ఇలాంటి చోట చర్చి వరండాలో నలభై మంచి తెలుగు పుస్తకాలు ఉండటం ఊరందరికీ మేలు. అందులో బైబిలు కథలు ఉండాలి, వేమన పద్యాలు ఉండాలి, జంతువుల కథలు ఉండాలి. ఏది చదవాలో పిల్లలు ఎంచుకోవాలి. ఒకప్పుడు పలక ఇచ్చిన చేతులు ఇప్పుడు చేయవలసిన పని ఇదేనని నా నమ్మకం.

కూటాల విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు, అవి మనకు బాగా చేతనవును. కోతపండుగ రోజున గుమ్మడికాయలు, కొర్ర గంపలు, కాళ్లు కట్టిన కోళ్లు బల్ల ముందుకు రావడం, ఆరాధన అయ్యాక వేలంపాటలో ఒక కోడికి నవ్వుతూ మూడింతలు ధర పెంచుకోవడం, తర్వాత అందరూ ఒకే బంతిలో కూర్చోవడం పిల్లలు చూస్తారు. ఊళ్లోని పిల్లలందరూ వస్తారు, ఎవరినీ ఎవరి పిల్లవని అడగరు. ఆ రోజున పేర్ల పట్టీ ఉండదు, ఫోటో ఉండదు. విశ్వాసం పిల్లలకు అంటుకుంటే అక్కడ అంటుకుంటుంది.

ఈ ఏడాది మా సంఘంలో పెద్ద వాదన తర్వాత కొంత మార్చుకున్నాం. బడిసంచులు, నోటుపుస్తకాలు వి.బి.ఎస్. ముగింపున ఇవ్వడం మానేసి, బడి తెరిచిన వారంలో ప్రధానోపాధ్యాయుల చేతికి అప్పగించాం. ఏ స్టిక్కరూ లేకుండా, తరగతిలో ఉన్న పిల్లలందరికీ అని చెప్పి ఇచ్చాం. ‘అయ్యగారూ, ఏమీ ఇవ్వకపోతే పిల్లలు రారు’ అని ఒక సంఘపెద్ద దిగులుపడ్డారు. ఆయన మాట సగం నిజమైంది, నిరుడు డెబ్బై మంది వచ్చినచోట నలభై ఒక్కమంది వచ్చారు. వరండాలో పాత బీరువా ఒకటి పెట్టి, నంద్యాల, కడప అంగళ్లలో వెతికి తెచ్చిన పుస్తకాలు సర్దాం. తాళం వేయలేదు, రాసుకునే రిజిస్టరు పెట్టలేదు. నిన్న లెక్కపెడితే ఏడు పుస్తకాలు తక్కువ వచ్చాయి. అవి ఎవరి ఇళ్లలో ఉన్నాయో కనుక్కోవద్దని టీచరమ్మకు చెప్పాం.