సవరణ: సర్పి పక్క మంచం నుంచి రాలేదు

డెంగ్యూ తగ్గిన వారానికే మా మామయ్యకు నడుముకు ఒకవైపు సర్పి (నొప్పితో పొక్కులు లేచే జబ్బు, షింగిల్స్) లేచిందనీ, తిరుపతిలో ఆసుపత్రి వార్డులో ఎవరి నుంచో అంటుకుందనీ మొన్న రాశాను. అది తప్పు. చర్మవ్యాధుల డాక్టరును అడిగితే తెలిసింది: చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే నరాల మూలాల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు మీదపడినా, జబ్బుతో ఒళ్ళు నీరసించినా మళ్ళీ లేస్తుంది. (మామయ్యకు ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసిందని అవ్వ చెబుతూనే ఉంది, నేనే వినలేదు.) అయితే ఆ పొక్కుల నీరు తగిలితే, అంతకుముందు ఆటలమ్మ రానివాళ్ళకు ఆటలమ్మ రావచ్చు; సర్పి కాదు. యాంటీవైరల్ మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయట. మేము పసరు పూస్తూ నాలుగు రోజులు పోగొట్టాం.