బారెట్స్ అని రాశారా? రిపోర్టు చివరిదాకా చదవండి

పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం మన ఇళ్లలో కాఫీ తాగినంత మామూలైపోయింది. మెడికల్ షాపువాళ్లు చీటీ అడగరు, ఎన్నేళ్లుగా వాడుతున్నారనీ అడగరు. అలా నెట్టుకొచ్చిన మనిషికి ఎప్పుడో ఎండోస్కోపీ చేస్తే 'బారెట్స్ ఈసోఫేగస్' అని వస్తుంది. ఫోన్‌లో వెతికితే 'క్యాన్సర్‌కు ముందు దశ' అని కనబడుతుంది. ఇక నిద్ర పట్టదు. ఇన్నాళ్ల నిర్లక్ష్యం ఎంత తప్పో, ఈ టెన్షన్ అంత అనవసరం.

కడుపులోని యాసిడ్ ఏళ్ల తరబడి పైకి తన్నుతుంటే అన్నవాహిక అడుగున లోపలి పొర దెబ్బతిని, పేగు పొర లాంటిది దాని చోట పెరుగుతుంది. ఎండోస్కోపీలో చూస్తే పాలిపోయిన గోడ మీదికి ఎర్రటి నాలుకలు పాకినట్టుంటుంది. (1950లో దీన్ని వర్ణించిన నార్మన్ బారెట్, కడుపే పైకి జరిగిందని పొరబడ్డారు. పేరు మాత్రం ఆయనదే నిలిచింది.) చిక్కేమిటంటే, ఈ కొత్త పొర యాసిడ్‌ను ఓర్చుకుంటుంది, మంట తగ్గొచ్చు. మంట తగ్గితే జబ్బు పోయినట్టు కాదు.

రిపోర్టులో చూడాల్సినవి రెండు: డిస్‌ప్లేసియా, అంటే కణాల్లో క్యాన్సర్ వైపు మార్పు, ఉందా? మారిన పొర పొడవెంత? డిస్‌ప్లేసియా లేకపోతే క్యాన్సర్‌గా మారేది ఏడాదికి సుమారు వెయ్యిలో ఒకరి నుంచి ముగ్గురికి. అమెరికా వైద్యుల 2022 మార్గదర్శకాల ప్రకారం పొడవు 3 సెంటీమీటర్ల లోపైతే 5 ఏళ్లకు, ఆపైన ఉంటే 3 ఏళ్లకు మళ్లీ ఎండోస్కోపీ చాలు. ఏటా గొట్టం మింగక్కర్లేదు. అయితే ప్రతి 2 సెంటీమీటర్లకూ నాలుగు వైపులా పరీక్షకు (బయాప్సీకి) చిన్న ముక్కలు తీయాలి. ఏదో ఒక్క ముక్క పంపి 'ఏమీ లేదు' అంటే నమ్మలేం.

డిస్‌ప్లేసియా ఉందంటే ముందు అదే స్లైడును (ఆ ముక్కను పరీక్షించిన గాజు పలకను) అనుభవమున్న మరో పాథాలజిస్టుకు, అంటే కణాలను పరీక్షించే డాక్టరుకు, చూపించాలి. వాపు వల్ల కూడా కణాలు అలా కనబడతాయి. నిజమేనని తేలితే, ఉబ్బుగా ఉన్న భాగాన్ని ఎండోస్కోపీ ద్వారానే కోసి తీసి, మిగతా పొరను రేడియోఫ్రీక్వెన్సీ వేడితో మాడ్చేస్తారు. ఒకప్పుడు తీవ్రస్థాయి డిస్‌ప్లేసియాకు అన్నవాహికనే తీసేసేవారు.

మాత్రల సంగతీ అంతే. సొంతంగా ఏళ్లకేళ్లు మింగడం ఎంత తప్పో, బారెట్స్ ఉందని తేలాక వాట్సాప్ సందేశం చూసి కిడ్నీలు పోతాయని మానేయడమూ అంతే తప్పు. పొట్ట తగ్గించుకోవాలి, తిన్న వెంటనే పడుకోకూడదు. ఇంకో మాట. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం బారెట్స్‌తో సంబంధం లేని స్క్వామస్ రకం, దాని వెనక పొగాకు, మద్యం ఉంటాయి. బారెట్స్‌కు భయపడుతూనే గుట్కా నమిలేవాళ్లు అసలు ప్రమాదాన్ని జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

ముద్ద గొంతు దిగాక అడ్డుపడుతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా తర్వాతి ఎండోస్కోపీ గడువు లెక్క చూడకండి. ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నల్లటి మలమైతే ఆ రోజే.