మ.రా.రా.శ్రీ మద్రాసు ట్రాంబండి గారికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం ట్రాఫిక్‌లో క్షేమం. తమరు పాత ఇనుముగా మారి, ఏ ఇంటి కిటికీ ఊచలుగానో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

అసలు తమరికి మొదటి నుంచీ తొందరే. 1895 మే 7న కరెంటుతో పరుగు మొదలుపెట్టారు. లండన్‌లో ఇంకా గుర్రాలే ట్రాములు లాగుతుంటే, దొరలు ఏలే ఊళ్లో తమరు కరెంటు తాగి పరిగెత్తడం ఏం మర్యాదండీ? పైగా ఆ కరెంటును మొదట ఎక్కడ పెట్టారు? రోడ్డు కింద గాడిలో! వాన పడితే మద్రాసులో రోడ్డేదో కాలువేదో తెలీదని కంపెనీ వారికి ఎవరూ చెప్పలేదు కాబోలు. వానలు బుద్ధి చెప్పాక తీగను నెత్తిమీదికి ఎక్కించారు.

ఇక ఆ తీగ నుంచి కరెంటు అందుకునే నెత్తిమీది కర్ర. మలుపులో తీగ మీంచి జారిందంటే బండి అక్కడే బిగుసుకుపోయేది. కండక్టరు దిగి, వెనక్కి వెళ్లి, తాడు పట్టుకుని, గాలిపటం ఎగరేసే పిల్లాడిలా మెడ ఎత్తి దాన్ని మళ్లీ తగిలించాలి. ఈలోపు లోపలున్నవాళ్లు రాజకీయాలు మాట్లాడుకునేవాళ్లు. తనకు వచ్చిన రాజకీయమంతా ఆ ఆగిన బండిలో నేర్చుకున్నదేనని మా తాతయ్య అనేవాడు.

1921 నాటికి 97 బండ్లు, 24 కిలోమీటర్ల పట్టాలు. పారీస్ కార్నరు, మౌంట్ రోడ్డు, పూనమల్లి రోడ్డు అన్నీ తమవే. అంతటివారు కంపెనీ దివాలా అని 1953 ఏప్రిల్ 12న జెండా ఎత్తేశారు. పోనీ, దివాలా ఎవరికి రాదు? నా బాధ ఆ ముహూర్తం గురించి. పొట్టి శ్రీరాములు గారు అదే ఊళ్లో ప్రాణం విడిచి అప్పటికి నాలుగు నెలలైనా నిండలేదు. ‘మద్రాసు మనదే’ అని అరిచిన మా గొంతుల బొంగురు ఇంకా తగ్గలేదు. అక్టోబరు 1న మేమూ మూటాముల్లె సర్దుకుని కర్నూలు గుడారాల్లో కాపురం పెట్టాం. ఒకే ఏడాది ఊరు వదిలిన వాళ్లం, ఓ మాట చెప్పి వెళ్తే తమ సొమ్మేం పోయింది? తమరు హాయిగా ఒకేసారి దిగిపోయారు. మేం కర్నూలు, హైదరాబాదు, అమరావతి అంటూ రాజధాని స్టాపు ఎక్కడొస్తుందా అని ఎన్నో ఏళ్లు కిటికీలోంచి తొంగి చూస్తూనే గడిపాం.

మీ బొంబాయి అన్నయ్య కూడా 1964లో మీ దారే పట్టాడు. కలకత్తాలో గుర్రాల నాటి పెద్దక్కయ్య మాత్రం మూలుగుతూ చాలా కాలం లాక్కొచ్చింది.

అన్నట్టు తమకు తెలుసో లేదో, మౌంట్ రోడ్డు ఇప్పుడు అన్నాసాలై. తమరి పట్టాలు పీకేసిన ఆ రోడ్డు కిందే సొరంగం తవ్వి, మళ్లీ పట్టాలు వేసి, 2019 నాటికి మెట్రో నడిపారు. అదీ కరెంటు బండే. తమరు తీగ ఒక్కటే రోడ్డు కింద పెట్టి నవ్వులపాలయ్యారు. వీళ్లు బండినే కింద పెట్టి రిబ్బను కత్తిరించారు.

చివరగా చిన్న బాకీ సంగతి. ఒకరోజు రద్దీలో మా తాతయ్య టికెట్టు తీసుకోకుండానే మౌంట్ రోడ్డులో దిగిపోయాడట. ఆ డబ్బు వడ్డీతో సహా కట్టేద్దామని ఉంది. ఎవరి పేర పంపాలో, కవరు మీద మద్రాసని రాయాలో చెన్నై అని రాయాలో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలుగా ఆగి ఉన్న ఒక తెలుగువాడు